ట్యాంకు మీద కూర్చున్న ప్రొఫెసర్ వనజ

ప్రొఫెసర్ సోడె వనజ గారు ఒకసారి గోదావరిని ఫెయిల్ చేశారు.

నవ్వకండి. ఆ ఏడు భద్రాచలం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎత్తేసిన మరుసటి రోజు మా క్లాసు మొత్తాన్ని బస్సెక్కించి కరకట్ట మీదికి తీసుకుపోయారు. వంతెనకు ఎగువన సగం మందిని, దిగువన సగం మందిని నిలబెట్టి, సీసాల్లో నీళ్లు పట్టించి, వాటిని ఇగిరించి, అడుగున మిగిలిన మట్టిని తూకం వేయించారు. పైనుంచి వచ్చిన మట్టికీ కిందికి పోయిన మట్టికీ పొంతన కుదరలేదు. “తప్పు మీది కాకపోతే నదిదే” అని మేడం ఎర్ర పెన్ను తీసి, మా హాజరు పట్టీ చివర గోదావరి అని రాసి, ఎదురుగా సున్నా పెట్టారు. మరుసటి ఏడాది వరద రాకపోవడానికి కారణం నది సప్లిమెంటరీకి చదువుకోవడమేనని కొత్తగూడెం హాస్టళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాట మొదట పుట్టించింది ఎవరో నేను చెప్పను.

నేను ఆ క్లాసులోనే ఉన్నాను. మూడో సంవత్సరం దాకా ఉన్నాను. ఆ తర్వాత కెమికల్ ఇంజనీరింగ్‌కూ నాకూ పడలేదు. నేను వెళ్లిపోయాక అది ఇంకా కోలుకోలేదని నా అభిప్రాయం. ఇప్పుడు సొంత ట్రాలీ నడుపుతున్నాను. పాల్వంచ నుంచి చర్ల దాకా రోడ్డు మీద ప్రతి గుంతా నా బండి చప్పుడు విని పక్కకు జరుగుతుంది.

గోదావరి కథలో నా చెయ్యి కొంచెం పడి ఉండొచ్చు. ట్యాంకు కథలో మాత్రం కలపడానికి నాకు సందు దొరకలేదు. అది చెప్పే ముందు ఆమె ఎవరో చెప్పాలి.

వనజ గారిది వాగొడ్డు గుంపు. భద్రాచలం దాటి, తారు అయిపోయి, మట్టి కూడా అయిపోయి, రాళ్లు మొదలైన తర్వాత వచ్చే కోయ గూడెం. తండ్రి అడవిలో వెదురు నరికే కూపుల్లో కూలికి పోయేవాడు. ఆయన నరికిన వెదురు లారీలెక్కి కాగితం మిల్లుకు పోయేది. చిన్నప్పుడు ఆమె ఒకసారి తండ్రిని అడిగిందట: ఇన్ని లారీల వెదురు లోపలికి పోతోంది గదా, బయటికొచ్చే కాగితం ఇంతేనా, మిగతా వెదురు ఏమైంది నాయనా అని. తండ్రికి తెలియలేదు. లారీ డ్రైవరుకూ తెలియలేదు. ఆశ్రమ పాఠశాలలో సారుకు కూడా తెలియలేదు గానీ, అది తెలుసుకునే చదువు ఒకటుందని ఆయనకు తెలుసు. ఆ ప్రశ్నను పట్టుకుని ఆమె భద్రాచలంలో ఇంటర్, వరంగల్‌లో ఇంజనీరింగ్ చేశారు. లోపలికి ఏం పోయింది, బయటికి ఏం వచ్చింది, మిగిలింది ఎక్కడుంది? మా క్లాసులో కూడా ఆమె అడిగే ప్రశ్న అదొక్కటే. క్యాంటీన్ సాంబారును కూడా ఆ ప్రశ్న అడిగారు. పప్పు ఎక్కడికి పోయిందో క్యాంటీన్ వాళ్లు ఇంతవరకు చెప్పలేకపోయారు.

చదువు కాగానే హైదరాబాద్ శివార్లలో మందులు తయారుచేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇంజనీరుగా చేరారు. అక్కడ పెద్ద పెద్ద ఇనప పాత్రల్లోకి మనుషులు దిగి కడిగేవాళ్లు. దిగే ముందు లోపల గాలి ఎలా ఉందో మీటరుతో చూసి, ఇంజనీరు సంతకం పెట్టాలి. ఒకరోజు మీటరు పనిచేయలేదు. వనజ గారు సంతకం పెట్టనన్నారు.

“రోజూ దిగేదే గదమ్మా” అన్నాడు మేనేజరు.

“రోజూ చూసి దిగిన్రు. ఇయ్యాల చూడలే.”

“నీ ఒక్కదాని వల్ల లైను మొత్తం ఆగింది.”

“ఆగనియ్యండి.”

దిగాల్సిన కార్మికుడే ఆమె మీద విరుచుకుపడ్డాడు. తన డ్యూటీ పోతుందని తిట్టాడు, తప్పుకోమన్నాడు. ఆమె నిచ్చెనకు అడ్డంగా నిలబడ్డారు. కొత్త మీటరు వచ్చేదాకా నిలబడ్డారు. ఈలోపు ఎవరో పాత్ర మూతలన్నీ తీసేశారు కాబట్టి, మొదట లోపల గాలి మంచిదో చెడ్డదో ఎవరికీ తెలియలేదు. ఆమెకూ ఇప్పటికీ తెలియదు. వారం తిరక్కుండా ఆమెను స్టోర్సులోకి మార్చారు. ఆమె ఉద్యోగం వదిలి, మళ్లీ వరంగల్ వెళ్లి, తేమ ఆరబెట్టే విధానాల మీద పీహెచ్‌డీ చేసి, మా కాలేజీలో పాఠం చెప్పడానికి వచ్చారు. మెల్లగా ప్రొఫెసర్ అయ్యారు.

కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ ఆమె మొదటి పాఠం ఇదే. బోర్డు మీద ఒక ట్యాంకు గీస్తారు. అందులో అడ్డంగా పడిపోయిన ఒక మనిషిని గీస్తారు. “లోపల పడ్డది మీ దోస్తు. ఎవరు దిగి తీస్తరు?” అని అడుగుతారు. అందరూ చేతులెత్తుతారు. నేనైతే రెండు చేతులూ ఎత్తాను. మేడం ఎత్తిన చేతులన్నిటినీ ఓసారి చూసి, “అందరూ సచ్చిన్రు. కూసోండి” అంటారు. ఇట్లాంటి చోట మొదట పడ్డవాడి కంటే, వాణ్ని తీయబోయి చచ్చేవాళ్లే ఎక్కువని అప్పుడు చెబుతారు.

ఆమెకు ఒక తమ్ముడు, రమణ. ఆమె కంటే చాలా చిన్న. తల్లి పోయాక ఎత్తుకు తిరిగింది, అన్నం పెట్టింది, బడికి తోలింది ఈమే. చిన్నప్పుడు వాడికి జ్వరం వస్తే దేవత కోపమని గూడెంలో అన్నారు. ఆమె వాణ్ని భుజాన వేసుకుని భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయి మలేరియా అని తేల్చుకొచ్చింది. అప్పటినుంచి వాడికి ఒకటే మాట నూరిపోసింది: “కారణం లేంది ఏదీ జరగదు. దేవత కోపం కారణం కాదు.” వాడు ఆ మాటను మంత్రంలా పట్టుకున్నాడు. గూడెం పూజారి సీతయ్య తాత ఏది వద్దంటే అది చేసి చూపించడం వాడికి సరదా. చదువు ఇంటర్‌తో ఆపి, గూడెంలోనే వ్యవసాయం చేస్తూ, భార్య జంపక్క నడిపే ఇప్పపువ్వు సంఘానికి పెద్ద దిక్కుగా ఉన్నాడు.

ఇప్పపువ్వు సంగతి తెలియని వాళ్లకు ఒక ముక్క. వేసవి మొదట్లో ఆ పువ్వు చెట్ల కింద రాలుతుంది. ఆడవాళ్లు పొద్దున్నే ఏరి ఎండబెడతారు. వాగొడ్డు గుంపులో ఒక కట్టుబాటు ఉంది. కొత్త పువ్వును ఏరుకోవచ్చు, ఆరబెట్టుకోవచ్చు, దాచుకోవచ్చు. కానీ పండుగ చేసి దేవతకు పెట్టేదాకా వండకూడదు, అమ్మకూడదు, దాచిన కుప్పను కదపకూడదు. పండుగ ఎప్పుడో పూజారి చెబుతాడు.

ఈ మధ్య వేసవిలో అకాల వానలు పడి పువ్వు కుళ్లిపోతోందని మేడం ఒక డ్రయ్యర్ తయారుచేశారు. ఒక కరెంటు బ్లోయర్, దానికి తగిలించే పొడవాటి గుడ్డ గొట్టం, జల్లెడ పళ్లేలు. దాన్ని గూడేనికి చేర్చే పని నాకు పడింది. జిల్లాలో ఇన్ని బళ్లుండగా నన్నే ఎందుకు పిలిచారని అడిగితే, “నీకు చదువు రాకపోయినా డ్రైవింగ్ వచ్చు” అన్నారు. దాన్ని నేను పొగడ్త కిందే తీసుకున్నాను.

మేము బయలుదేరిన పొద్దున ఆకాశం తెరిపిచ్చింది. అంతకుముందు వరసగా వాన. భద్రాచలంలో టీ తాగుతుండగా మేడం తమ్ముడికి ఫోన్ చేశారు. స్పీకర్‌లో నేనూ విన్నాను.

“పువ్వు తడిసిందా రమణా?”

“సగం తడిసింది అక్కా. ఖరాబు కానిస్తనా? అంతా ఎత్తి పాత నీళ్ల ట్యాంకుల పోసి మూత పెట్టిన. ఒక్క చుక్క వాన పడలే.”

మేడం చేతిలోని గ్లాసు కింద పెట్టారు. “తడి పువ్వు మూతేసి పెట్టినవా? ఎప్పుడు?”

“వాన మొదలైన కాడినుంచి. ఇప్పుడు పులుపు వాసనొస్తుంది, ట్యాంకు ముట్టుకుంటే వెచ్చగుంది. ఆడోళ్లు పరేషాన్ అవుతున్రు. సీతయ్య తాతేమో పండుగ కాంది కుప్ప కదపొద్దంటుండు.”

“తాత చెప్పినట్టు చెయ్యి.”

అవతల వాడు పకపకా నవ్వాడు. “ఏందక్కా, నువ్వేనా మాట్లాడేది? జంపక్కా, ఇటు రా, అక్క పూజారైంది!”

“రమణా, నవ్వకు. మూత తియ్యి, ఇడిసిపెట్టు. లోపలికి మాత్రం దిగకు. నేనొచ్చేదాక దిగకు.”

“సరే సరే, రా నువ్వు” అని పెట్టేశాడు. ఆ సరే ఎలాంటిదో తమ్ముళ్లున్న వాళ్లకు తెలుసు.

“జల్దీ పోనియ్ కోటేష్” అన్నారు మేడం. నేను జల్దీగానే పోనిచ్చాను. ఆ రోడ్డు మీద అంత వేగంగా పోయిన బండి లేదు, ఇక ఉండదు. మేడం మాత్రం దారి పొడుగునా కిటికీ రాడ్డు వదల్లేదు.  చివరి వాగు దగ్గర, తనలో తాను లెక్క వేసుకుంటున్నట్టు, “లోపలికి గాలి పోయే దారి లేదు. లోపల పుట్టింది బయటికి పోయే దారీ లేదు” అన్నారు.

ఆ ట్యాంకు అంగన్‌వాడీ పక్కన ఉంటుంది. వెనకటికి మంచినీళ్లకు కట్టినది. వాలు నేలలో కట్టడం వల్ల ఎగువ వైపు చాలా భాగం భూమిలోనే ఉంటుంది. పైకప్పు ఆ వైపు నడుమెత్తున ఉంటుంది. దాని మీద మనిషి పట్టేంత చదరపు నోరు, లోపలికి ఇనప మెట్లు, పల్లం వైపు అడుగున నీళ్లు వదిలేయడానికి ఒక తూము. ఆ తూముకు చెక్క బిరడా కొట్టి గోనె చుట్టి ఉంది. మేము మలుపు తిరిగేసరికి గూడెం మొత్తం అక్కడే ఉంది. ట్యాంకు మీద రమణ, సీతయ్య తాత. తాత చేతిలో తాడుకు కట్టిన దీపం. పండుగ కాకముందు కుప్ప కదుపుతున్నందుకు దేవతకు తప్పు చెప్పుకోవడానికి ఆయన ఆ దీపాన్ని నోట్లోంచి లోపలికి దించాడు. మేము బండి ఆపుతుండగా అది ఆరిపోయింది.

గుంపులో ఒక్కసారిగా కలకలం లేచింది.

“ఒద్దన్నది” అన్నాడు తాత. “తల్లి ఒద్దంటుంది. మూతెయ్ రమణా.”

“గాలి గొట్టింది తాతా.”

“లోపల గాలేందిరా?”

“మరి దేవత ఊదిందా?” రమణ అందరి వైపు తిరిగి నవ్వాడు. “మా అక్క ప్రొఫెసర్. దీపాలకు, దయ్యాలకు భయపడొద్దని చిన్నప్పుడే చెప్పింది. సూడున్రి, నేను దిగి గంపెడు పువ్వు తెస్త. నాకేమన్నయితే అప్పుడు పండుగ చేద్దురు.”

మేడం అప్పటికే బండి దిగారు. “రమణా!” అని అరిచారు. అంత గట్టి గొంతు ఆమెకు ఉందని మాకు క్లాసులో ఎన్నడూ తెలియదు. వాడు ఆమెను చూశాడు, చెయ్యి ఊపాడు, గంప పట్టుకుని మెట్లు దిగాడు. ముందు నడుము, తర్వాత భుజాలు, తర్వాత తల లోపలికి పోయాయి. ఆ వెంటనే గంప పడ్డ చప్పుడు. దాని వెనకే ఇంకేదో మెత్తగా పడ్డ చప్పుడు.

తర్వాత ఏ చప్పుడూ లేదు.

ప్రొఫెసర్ వనజ పరుగెత్తడం నేను అప్పుడే చూశాను. చెప్పులు ఎక్కడ వదిలారో తెలియదు. ట్యాంకు పైకి ఎగబాకేసరికి జంపక్క అప్పటికే ఒక కాలు నోట్లో పెట్టింది, వెనకాల ఇద్దరు మగవాళ్లు వంగారు. మేడం జంపక్కను రెండు చేతులతో వెనక్కి లాగి, ఆ నోటికి అడ్డంగా పడి, అక్కడే కూర్చున్నారు. అటు అంచున నడుము, ఇటు అంచున కాళ్లు.

“ఎవ్వలు దిగొద్దు!”

“లే వదినా!” జంపక్క గొంతు చీరుకుపోయింది. “లోపల మనిషి పడ్డడు!”

“తెలుసు. దిగితే నువ్వు గూడ పడతవ్. పువ్వు పులిసింది. పులిసినప్పుడొచ్చే గాలి బరువుంటది, నీళ్లలెక్క అడుగున నిలుస్తది. దాంట్ల దీపం బతకది, మనిషి బతకడు.”

“నీ తమ్ముడు గాదా వాడు?”

“అడుగున బిరడా కొట్టున్రి! గడ్డపార తే! పల్లం దిక్కు తూము ఉంది, కొట్టున్రి!” మేడం నా వైపు తిరిగారు. “కోటేష్! బ్లోయర్!”

నేను బండి వైపు ఉరికాను. వెనక గోల పెరిగింది. మగవాళ్లు ట్యాంకు చుట్టూ మూగారు. ఎవడో “ఈమెకు పుస్తకాలే గాని పేగు లేదు” అన్నాడు. ఇంకెవడో “ఎత్తి అవతల పడేయున్రి” అన్నాడు. ఒకడు నిజంగానే ఆమె భుజం పట్టుకున్నాడు. ఆమె రెండు అంచులూ పట్టుకుని వదల్లేదు. జంపక్క ఆమె వీపు మీద పిడికిళ్లతో కొడుతోంది.

“కొట్టు” అన్నారు మేడం. “కొడుతనే ఉండు. దిగకు.”

బరువైన గాలి, పులిసిన పువ్వు, ఇవి వినే స్థితిలో అక్కడెవరూ లేరు. కింద రమణ ఉన్నాడు, పైన ఈమె అడ్డం కూర్చుంది. వాళ్లకు కనిపిస్తున్నది అంతే. ఇంకో క్షణమైతే ఆమెను లాగేసేవాళ్లే, ఒకరి వెనక ఒకరు దిగేవాళ్లే. అప్పుడు ఆమె తల తిప్పి సీతయ్య తాతను చూశారు.

“తాతా, దేవత ఒద్దన్నదని చెప్పు!”

తాత ఆరిపోయిన దీపం పట్టుకుని పక్కన నిలబడి ఉన్నాడు. ఆమె నోటి నుంచి ఆ మాట వస్తుందని ఆయన అనుకోలేదు. కళ్లలోకి చూశాడు. ఆమె మళ్లీ అన్నారు, ఈసారి బతిమాలుతూ. “నా మాట ఇనరు. నీ మాట ఇంటరు. చెప్పు తాతా!”

ఆయన చేతికర్రతో ట్యాంకు కప్పు మీద గట్టిగా కొట్టి, కోయలో ఏదో అన్నాడు. నాకు ఆ భాష రాదు. ముందుకొచ్చిన కాళ్లు మాత్రం ఆగిపోయాయి. భుజం పట్టుకున్నవాడు చెయ్యి తీసేశాడు. జంపక్క ఒక్కతే ఆగలేదు. ఆమెను ఇద్దరు ఆడవాళ్లు వెనకనుంచి కౌగిలించుకున్నారు.

పల్లం వైపు గడ్డపార దెబ్బలు మొదలయ్యాయి. చెక్క బిరడా తడికి ఉబ్బి కదలడం లేదు.

నేను బ్లోయర్ ఎత్తుకొచ్చాను. దాన్ని తర్వాత దించడానికి ముగ్గురు పట్టారు, నేను ఒక్కడినే తెచ్చానని మళ్లీ చెబుతున్నాను. గుడ్డ గొట్టం మాత్రం చుట్టలో ఉంది. నా చేతి ముడి. నేను ముడేస్తే లారీ తిరగబడ్డా విడదని నాకు పేరు. ఆ రోజు నా గోళ్లు విరిగాయి గానీ ముడి రాలేదు. ఎవరో కొడవలి విసిరారు, తాడు కోసేశాను. వైరు అంగన్‌వాడీ కిటికీలోంచి లోపలికి పోయింది. ఎవరు ప్లగ్గు పెట్టారో చూడలేదు. మోటారు ఒకసారి మూలిగి, తిరిగింది. గుడ్డ గొట్టం పాములా బిగిసి లేచింది.

మేడం కొంచెం పక్కకు జరిగి, కూర్చున్నచోట నుంచే గొట్టం మూతిని నోట్లోంచి కిందికి దింపి, రమణ తల ఉందనుకున్న వైపు తిప్పారు. అదే సమయంలో తూము బిరడా ఊడింది. కల్లు కుండ పగిలినట్టు పుల్లటి నీళ్లు బుసబుసమని కారాయి. ఆ నీళ్ల వెనక కంటికి కనిపించనిది కూడా పోతోందని మేడం మొహం చూసి అనుకున్నాను.

“తాతా, దీపం.”

తాత వెలిగించాడు. దించాడు. నోటి కిందికి పోయిన వెంటనే ఆరిపోయింది.

 బ్లోయర్ చప్పుడు ఒక్కటే. జంపక్క ఏడుపు ఆపి, ఆ తాడునే చూస్తోంది.

“మళ్ల.”

ఈసారి సగం దాకా పోయింది. మంట సన్నబడింది, నీలంగా అయింది, పోయింది.

“ఇంకెంతసేపు మేడం?” అన్నాను.  గొట్టాన్ని ఇంకొంచెం లోపలికి తోశారు. పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతున్నారో, ఇంకేం చేస్తున్నారో నాకు తెలియదు. ఆమె తమ్ముడు ఆమె కాళ్ల కింద, రెండు నిలువుల లోతులో, పడిన చోటే ఉన్నాడు. పైనుంచి అతని మడమ ఒకటి కనిపిస్తోంది. అది కదలడం లేదు.

“మళ్ల.”

దీపం దిగింది. సగం దాటింది. రమణ మడమ దగ్గరికి చేరింది. మంట గాలికి అటూ ఇటూ ఊగింది. ఊగుతూనే ఉంది.

“జంపక్కా” అన్నారు మేడం, “నడుముకు తాడు కట్టుకో. ఊపిరి బిగవట్టు. వాని సంకల కింద తాడేసి పైకి రా. దీపం ఆరితే ఏం ముట్టకుండ వచ్చెయ్.”

జంపక్క దిగింది. మేమంతా తాడు పట్టుకున్నాం. తాత దీపం పట్టుకున్నాడు. జంపక్క లోపల ముడేసి పైకి ఎక్కింది. తర్వాత మేము లాగాం. రమణ బయటికొచ్చేసరికి మొహం తడి సిమెంటు రంగులో ఉంది. ఒళ్లంతా పువ్వు అంటుకుంది.

“పక్కకు తిప్పున్రి. నోట్ల ఏముంటే తియ్. ఇప్పుడు ముక్కు మూసి గాలి ఊదు. ఊదు జంపక్కా, సిగ్గేంది, ఊదు!”

జంపక్క ఊదింది. ఛాతీ లేచింది, పడింది. మళ్లీ ఊదింది. ఎన్నిసార్లో నేను లెక్కపెట్టలేదు, నాకు అసలు లెక్కలంటేనే పడదు. ఒకసారి ఆమె తల ఎత్తేలోపు రమణ దగ్గాడు. తర్వాత కక్కాడు. తర్వాత ఎవరినో బూతు తిట్టాడు. గూడెం మొత్తం ఒక్కసారి ఏడ్చింది.

బండిలో పరుపు వేసి వాణ్ని ఎక్కించాం. జంపక్క, తాత, ఇద్దరు మగవాళ్లు ఎక్కారు. మేడం మాత్రం ట్యాంకు మీదే ఉన్నారు, ఆ నోటి పక్కనే, అదే తీరులో కూర్చుని.

“మేడం, రండి!”

“మీరు పోన్రి.”

తమ్ముడు చావు నోట్లోంచి వచ్చినా ఆమె దగ్గరికి వచ్చి వాణ్ని ముట్టుకోలేదు. నాకు అప్పుడు అర్థమైంది. ఆమె కాపలా కాస్తున్నారు. లోపల ఇంకా గాలి పూర్తిగా మారలేదు, పువ్వు కోసం ఇంకెవడైనా దిగొచ్చు. అందుకే లేవలేదు. ఆమె మనసు రాయి కాదు, రాయి కంటే గట్టిది. అంత మంది కొట్టినా, తిట్టినా, లోపల సొంత తమ్ముడు పడి ఉన్నా, లేవకుండా కూర్చునే ధైర్యం ఈ జిల్లాలో ఇంకెవరికీ లేదు. నాకు కూడా లేదు. ఈ మాట నేను తేలిగ్గా అనే రకం కాదు.

భద్రాచలం దవాఖానాలో ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రానికి రమణ కళ్లు తెరిచి అందర్నీ గుర్తుపట్టాడు. మేడం వేరే బండిలో వచ్చి మంచం పక్కన కూర్చున్నారు. వాడు ఆమెను చూడలేక పైకప్పు చూస్తూ అన్నాడు:

“నువ్వే గదక్కా చెప్పినవ్. కారణం లేంది ఏదీ జరగదని.”

“అవ్, చెప్పిన. దీపం ఆరింది గదా, కారణమేందని ఎందుకు అడగలే?”

వాడు మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. ఆమే మళ్లీ అన్నారు, ఈసారి మెల్లగా: “తాత చెప్పిన కారణం తప్పని నేర్పిన. ఒద్దన్నప్పుడు ఆగి చూడాలె అని నేర్పలే. అది నా తప్పు.”

తలుపు దగ్గర నిలబడ్డ సీతయ్య తాత, “తల్లి గూడ నిన్ను పాస్ చేసింది తియ్ బిడ్డా” అన్నాడు. ఆ రోజంతటిలో ఆమె అప్పుడే నవ్వారు, అదీ సగమే.

పండుగ ఆలస్యంగా జరిగింది. ట్యాంకులో పువ్వు పనికిరాలేదు, చేలల్లో ఎరువుగా వేశారు. తర్వాత రాలిన పువ్వును డ్రయ్యర్‌లో ఆరబెట్టి దేవతకు పెట్టారు. రమణ ముందు వరసలో నిలబడ్డాడు. తాత వాణ్ని ఓరకంట చూస్తూ, ఆట పట్టించడానికన్నట్టు దీపం కావాలనే రెండుసార్లు వెలిగించాడు. మేడం సెలవు అయిపోయి కాలేజీకి వచ్చేశారు. కొత్త బ్యాచ్‌కు మళ్లీ బోర్డు మీద ట్యాంకు గీశారట. లోపల పడ్డ మనిషిని గీసేటప్పుడు సుద్దముక్క విరిగిందట.

ఇదంతా రాసి, స్టాఫ్ రూముకు తీసుకుపోయి మేడం ముందు పెట్టాను. గోదావరి కథ దగ్గర ఆమె నవ్వలేదు, కనీసం కోపగించుకోలేదు. చివరిదాకా చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి అన్నారు:

“ధైర్యంగ కూసున్ననని రాసినవ్ కోటేష్. అది గాదు. ఉరికొచ్చి ఆడ పడ్డంక నా కాళ్లు చచ్చువడ్డయి, లేద్దామంటే లేవలే. లేసి ఉంటే అందరికంటే ముందు నేనే దిగుదును.”